హిప్పో అంటే గుర్రమే... మరి నది ఏదీ?

నోరు తెరిస్తే బారెడు, ఒళ్లు చూస్తే బండెడు. పేరు మాత్రం రెండే అక్షరాలు. ఏబీసీడీలు దిద్దే పిల్లలకు కూడా నోరు తిరిగే ఆ ‘హిప్పో’ వెనక రెండున్నర వేల ఏళ్ల కథ ఉంది. ఆ కథలో గ్రీకు యాత్రికుడున్నాడు, లండన్ జనసందోహం ఉంది, జమ్మూకశ్మీర్ రాళ్లున్నాయి, విశాఖ ఓడ కూడా ఉంది. ఒక నది ఎలా తెగిపోయిందో కూడా ఉంది.

గ్రీకు భాషలో ‘హిప్పోస్’ అంటే గుర్రం. ‘పొటమోస్’ అంటే నది. రెండూ కలిపితే నది గుర్రం. అదే లాటిన్ మీదుగా ‘హిప్పోపొటామస్’ అయింది. పిలవడానికి మరీ పొడవైపోయిందని ఇంగ్లిషువాళ్లు దాన్ని మధ్యకు కోశారు. ముందు సగం ఉంచుకున్నారు, వెనక సగం వదిలేశారు. దాంతో ఇవాళ ప్రపంచంలో ఎంతోమంది ఆ జంతువును ‘గుర్రం’ అని పిలుస్తున్నారు. దానికి గుర్రంతో ఏ దగ్గరి చుట్టరికమూ లేదు. నదితో మాత్రం పుట్టుక నుంచి చావు దాకా విడదీయలేని బంధం. అంటే పొడవాటి పేరులోని పొరపాటు మిగిలింది, నిజం రాలిపోయింది.

పేర్లు కుదించుకోవడం మనకూ అలవాటే. ఇంట్లో వెంకటేశ్వరరావు వెంకట్ అవుతాడు. అయినా ఆ పిలుపులో ఏడుకొండలవాడు ఎక్కడికీ పోడు. హిప్పో విషయంలో అలా జరగలేదు. ఆ మాట విన్నవాళ్లలో నది గుర్తొచ్చేవాళ్లు ఎందరుంటారు? ఆ మాటకొస్తే, గుర్రమైనా ఎందరికి గుర్తొస్తుంది?

జూలు ఎక్కడ చూశాడో!

క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఈజిప్టు విశేషాలు రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ జంతువును ‘నదీ గుర్రం’ అన్నాడు. ఆయన వర్ణన చదివితే నిజం, ఊహ పక్కపక్కనే కనిపిస్తాయి. పెద్ద ఎద్దంత ఉంటుందన్నాడు. ముక్కు చప్పిడిగా ఉంటుందన్నాడు. కోరలు బయటికి కనిపిస్తాయన్నాడు. ఎండబెట్టిన తోలుతో ఈటెల కర్రలు చేసుకునేంత మందం అన్నాడు. ఇంతవరకూ బాగానే ఉంది. దానికి గుర్రపు జూలు, గుర్రపు తోక, గుర్రపు సకిలింపు ఉంటాయని కూడా చేర్చాడు. జూలు లేదు, తోక చిన్న తెడ్డులా ఉంటుంది. తరవాత అరిస్టాటిల్ తోకను పంది తోకగా దిద్దాడు గానీ జూలును అలాగే ఉంచేశాడు.

గుర్రమే ఎందుకన్నారన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. నీళ్లలో ఉన్నప్పుడు దాని భారీ ఒళ్లంతా మునిగి ఉంటుంది. చెవులు, కళ్లు, ముక్కు రంధ్రాలు మాత్రమే ఒకే వరుసలో పైకి తేలుతాయి. చిన్న చెవులు విదిలిస్తూ, ముక్కుతో బుసకొడుతూ తల ఎత్తే ఆ తీరును పడవలోంచి చూసినవాడికి గుర్రం తోచడంలో వింత లేదని నాకనిపిస్తుంది. గ్రీకులను మరీ తప్పుపట్టకుండా ఉండటానికి ఇంకో కారణం కూడా ఈమధ్యే దొరికింది. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన జాన్ హచిన్సన్ బృందం నీటిగుర్రాల నడకను వీడియోల్లో ఒక్కో ఫ్రేమూ పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించింది. నేల మీద అవి దాదాపు ఎప్పుడూ ‘ట్రాట్’ నడకే నడుస్తాయట. అంటే ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడే దుడుకు నడక. గుర్రపు స్వారీ తెలిసినవాళ్లకు ఆ మాట బాగా పరిచయం. వేగం అందుకున్నప్పుడు టన్నుల బరువున్న ఆ జీవి నాలుగు కాళ్లూ క్షణకాలం గాలిలో ఉంటాయి. గుర్రంతో దానికున్న పోలిక ఏదైనా ఉందంటే ఇదే.

ఈజిప్టు వాళ్లకు మాత్రం అది గుర్రం కాదు, భయమూ భక్తీ కలిసిన ఒక శక్తి. గర్భిణులను కాపాడే తావెరెత్ దేవతకు ఆ రూపమే ఇచ్చారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చిన్న నీలి రంగు నీటిగుర్రం బొమ్మ ఒకటుంది. దాదాపు 3,900 ఏళ్ల కిందటిది, మెయిర్ అనే చోట ఒక సమాధిలో దొరికింది. దాని ఒంటి మీద నల్ల గీతలతో తామరపూలు, తామరాకులు చిత్రించారు. నది ఆ బొమ్మ చర్మం మీదే పారుతోందన్నమాట. దగ్గరగా చూస్తే నాలుగు కాళ్లలో మూడు తరవాత అతికించినవని తెలుస్తుంది. సమాధిలో పెట్టేటప్పుడు కాళ్లు కావాలనే విరగ్గొట్టారు, పరలోకంలో చనిపోయినవాడి మీదికి రాకుండా! దీనికీ ఒక చిన్న పేరుంది, విలియం. 1930ల మొదట్లో ‘పంచ్’ పత్రికలో వచ్చిన ఒక సరదా వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది.

ఫిలిప్పులోనూ ఉంది, మెసపొటేమియాలోనూ ఉంది

ఆ గ్రీకు మాట రెండు ముక్కలూ మనకు తెలియకుండానే మన నోళ్లలో తిరుగుతున్నాయి. కోస్తా ఊళ్లలో కనిపించే ఫిలిప్పు అన్న పేరుకు ‘గుర్రాలను ప్రేమించేవాడు’ అని అర్థం. అలెగ్జాండర్ తండ్రి పేరదే. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పేరు మీదుగా ఫిలిప్పీన్స్ దేశానికీ ఆ గుర్రం చేరింది. వైద్యుడు హిప్పోక్రటీస్ పేరులోనూ ఆ గుర్రమే. మన మెదడులో జ్ఞాపకాలు నిలవడానికి ఆధారమైన భాగం సముద్రపు గుర్రంలా వంపు తిరిగి ఉందని 1587లో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు అరాంజియో దానికి ‘హిప్పోక్యాంపస్’ అని పేరు పెట్టాడు.

కోసేసిన రెండో ముక్క సంగతి? అది చరిత్ర పాఠంలో భద్రంగా ఉంది. రెండు నదుల నడిమి నేల కాబట్టి మెసపొటేమియా. ఆ ‘పొటమ్’, పొటామస్‌లోని ‘పొటమ్’ ఒక్కటే.

లండన్‌కు వచ్చిన అతిథి

క్రీస్తుపూర్వం 58లో స్కారస్ అనే అధికారి రోమ్ నగరంలో తొలిసారి నీటిగుర్రాన్ని, అయిదు మొసళ్లతో పాటు ప్రదర్శనకు పెట్టాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రోమ్ వైభవం పోయాక యూరప్ వాళ్లు శతాబ్దాల పాటు దాన్ని పుస్తకాల్లోని బొమ్మల్లోనే చూశారు. 1849లో తెల్ల నైలులోని ఒబాయ్ష్ అనే దీవి దగ్గర ఒక పిల్లను పట్టుకున్నారు. ఈజిప్టు పాలకుడు అబ్బాస్ పాషా దాన్ని బ్రిటిష్ కాన్సల్ చార్లెస్ మరేకి ఇచ్చాడు, బదులుగా మేలుజాతి వేటకుక్కలు తీసుకున్నాడు. 1850 మేలో ఆ పిల్ల ఆవిరి ఓడలో ఇంగ్లండ్‌కు వచ్చి లండన్ చేరింది. దొరికిన దీవి పేరే దాని పేరైంది. లండన్ జూకి రోజుకు పదివేల మంది వచ్చేవారు. ఆ ఏడు సందర్శకుల సంఖ్య రెట్టింపు దాటింది. దాని పేరుతో పియానో మీద వాయించే పోల్కా బాణీ అచ్చయింది. దాన్ని తెప్పించిన దొరకు ‘హిప్పోపొటామస్ మరే’ అని ముద్దుపేరు పడింది.

తరవాత 1854లో అధేలా అనే ఆడది వచ్చింది. 1872 నవంబరు 5న వాటి పిల్ల ఒకటి పుట్టి బతికి బట్టకట్టింది. ఇంగ్లిషు రాతల్లో ‘హిప్పో’ అన్న పొట్టి రూపం కనిపించడం మొదలైంది ఆ 1870ల మొదట్లోనే. ఎవరు ముందు అన్నారో పేరు పెట్టి చెప్పే వీల్లేదు గానీ, అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ జంతువు లండన్ వాసులకు కళ్లెదుట ఉంది. పుస్తకంలో ఉన్నంతకాలం పూర్తి పేరు చెల్లింది. జనం చుట్టూ మూగి, వేళ్లు చూపించి, పిల్లలకు పరిచయం చేసే రోజులొచ్చాక అంత పేరును ఎవరు మోస్తారు? కంచె వెనక తొట్టిలో ఉన్న జీవి పేరులోంచి నది జారిపోయింది. నైలును చూడని జనం ఆ నదిని మరిచిపోవడం సహజమే.

రైనోదీ ఇలాంటి కథే. ముక్కు మీద కొమ్మున్నది అన్న గ్రీకు పేరులోంచి కొమ్మును కోసేసి ముక్కును మిగిల్చారు. వేటగాళ్లు నిజంగా కోసుకుపోతున్నదీ ఆ కొమ్మునే.

ఒక్కో ఒడ్డున ఒక్కో పేరు

అసలు ఈ జంతువుతో కలిసి బతికిన ఆఫ్రికా జనానికి గుర్రంతో పనే పడలేదు. జూలూ భాషలో ఇమ్వూబు. సెత్స్వానాలో కూబు. బంబారా భాషలో మాలి అంటే నీటిగుర్రమే. మాలి దేశం ఒకప్పటి నాణెం మీద దాని బొమ్మ వేసింది. స్వాహిలీలో కిబోకో. ఈ చివరి మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, కొరడా. దాని తోలు చీల్చి, ఎండబెట్టి, మెలిపెట్టి చేసే కొరడా తూర్పు ఆఫ్రికాలో వలస పాలకుల చేతి ఆయుధం. బెల్జియం రాజు లియోపోల్డ్ ఏలుబడిలో కాంగోలో రబ్బరు తేలేదని కూలీల వీపులు చీల్చింది కూడా ఈ తోలు కొరడాయే, అక్కడ దాన్ని షికోత్ అనేవారు. పేర్ల కథ చెబుతూ ఆ వీపులను దాటేసి పోవడం నాకు న్యాయంగా తోచలేదు.

దక్షిణాఫ్రికాకు వలసపోయిన డచ్చివాళ్లకు అది ‘సముద్రపు ఆవు’గా కనిపించింది. జర్మన్లు ‘నైలు గుర్రం’ అన్నారు. చైనావాళ్లూ జపాన్ వాళ్లూ నది, గుర్రం అనే రెండు అక్షరాలు పక్కపక్కన రాస్తారు. అరబ్బులకూ నది గుర్రమే. హిందీలో దరియాయీ ఘోడా. రష్యన్లు బైబిల్‌లోని బెహెమోత్ అనే మహామృగం పేరు తెచ్చుకుని బెగెమోత్ అన్నారు. థాయ్‌లాండ్‌లో 2024 జులైలో పుట్టి లోకాన్ని ముద్దులో ముంచిన పొట్టిజాతి పిల్లకు పెట్టిన పేరు మూ డెంగ్, అది అక్కడి పందిమాంసం ఉండల వంటకం పేరు. ఆ పొట్టిజాతి శాస్త్రీయ నామం ‘కీరాప్సిస్’లో ఉన్నదీ పందే.

మన నీటిగుర్రం

తెలుగులో ఇది నీటిగుర్రం. పేరు తర్జుమాగా వచ్చినా బాగా ఇమిడిపోయింది. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. యోబు గ్రంథం నలభయ్యో అధ్యాయంలో దేవుడు తన సృష్టి బలాన్ని చూపేటప్పుడు చెప్పే బెహెమోత్‌ను మన అనువాదకులు ‘నీటిగుఱ్ఱము’ అన్నారు. గోదావరి, కృష్ణా ఒడ్డుల పల్లె ప్రార్థన మందిరాల్లో ఈ జంతువును ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆ మాట విన్నారు. తమిళులది వేరే చూపు, వాళ్లకు అది నీర్‌యానై, అంటే నీటి ఏనుగు. ఆకారం లెక్కన వాళ్లే నెగ్గారు.

సంస్కృతంలో జలాశ్వం. ఆ పేరు విశాఖపట్నం వాళ్లకు బాగా తెలుసు. తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ జలాశ్వ, ఒకప్పుడు ట్రెంటన్ పేరుతో అమెరికా నౌకాదళంలో పనిచేసి 2007లో మన దగ్గరికి వచ్చిన ఓడ. నీళ్లలో తిరుగుతూ నేల మీదికి సైనికులనూ వాహనాలనూ దించడం దాని పని. ఓడ వెనక భాగంలోకి నీళ్లు వదిలితే లోపలి చిన్న పడవలు తేలుతూ బయటికి వస్తాయి. నీటికీ నేలకూ చెందిన జంతువు పేరు అంత చక్కగా అతికిన ఓడ ఇంకోటి లేదు. 2020 మేలో కరోనా కాలంలో మాల్దీవుల నుంచి దాదాపు 700 మందిని కొచ్చికి చేర్చింది ఇదే.

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. నీటిగుర్రం ఆఫ్రికా సొంతమే అనుకుంటాం. కానీ మంచుయుగం చివరి దాకా మన దేశంలోనూ అవి తిరిగాయి. శివాలిక్ కొండల్లో దొరికిన ఎముకలను చూసి శిలాజ పరిశోధకులు ఫాల్కనర్, కాట్లీ 1836లో ‘హెక్సాప్రొటొడాన్’ అని పేరు పెట్టారు. ముందు పళ్లు ఆరున్నది అని అర్థం. నర్మద లోయలోనూ వాటి శిలాజాలు దొరికాయి. మన నదులకు కూడా ఒకప్పుడు ఈ గుర్రాలున్నాయి.

గుర్రం కాదు, తిమింగలం

నీటిగుర్రానికి బతికున్న అతి దగ్గరి బంధువు తిమింగలమని 1990లలో జన్యు పరిశోధనలు తేల్చాయి. ఆ రెండు వంశాలనూ కలిపి 1999లో ‘విప్పోమార్ఫా’ అని పేరు పెట్టారు, ఇంగ్లిషులోని ‘వేల్’, ‘హిప్పో’ అతికించి. చిక్కేమిటంటే గుర్రాల వర్గానికి ‘హిప్పోమార్ఫా’ అన్న పేరు అప్పటికే ఉంది. తొట్టి పక్కన పుట్టిన పొట్టి పేరు శాస్త్రంలోకి దూరి అసలు గుర్రాలతోనే తగువు పెట్టుకుంది.

ఈ వంశవృక్షంలో ఒక కొమ్మకు మనకు తెలిసిన ఇంటిపేరు లాంటి మాట ఉంది, రావోఎల్లిడే. ఆ ‘రావు’ భూగర్భ శాస్త్రవేత్త ఎ.రంగారావు. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఆయన రాళ్లు సేకరించి, 1971లో అందులోని ఒక జీవికి ‘ఇండోహ్యూస్’ అని పేరు పెట్టారు. మిగతా రాళ్లు ఏళ్ల తరబడి పగలకుండా ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన పోయాక భార్య వాటిని శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. ప్రయోగశాలలో రాయి నుంచి పుర్రెను విడదీస్తుండగా చెవి దగ్గరి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట లోపలి గోడ ఒక పక్క అసాధారణంగా మందంగా కనిపించింది. చెవి ఎముకలో ఆ మందం తిమింగలాల జాతి గుర్తు. పిల్లి కన్నా కాస్త పెద్దదై, చిన్న జింకలా ఉండి, 4.8 కోట్ల ఏళ్ల కిందట వాగుల్లో నడిచిన ఆ జీవి తిమింగలాల పూర్వీకులకు దగ్గరి చుట్టమని 2007లో లోకానికి తెలిసింది. నీళ్లలోకి దిగి తిరిగిరాని ఆ పెద్ద కుటుంబానికి దాయాది నీటిగుర్రం. అది గట్టుకూ నీటికీ మధ్య ఆగింది.

కోసేసిన సగమే దాని ప్రాణం

ఒకటిన్నర టన్నులు దాటే ఆ జంతువు నీళ్లలో ఈదదు, అడుగున నేల మీద కాళ్లు తన్నుకుంటూ సాగుతుంది. అయిదు నిమిషాల దాకా మునిగి ఉండగలదు. నిద్రలోనే పైకి తేలి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంది. పిల్ల నీళ్లలో మునిగి కూడా పాలు తాగుతుంది. పగలంతా నీళ్లలో ఉండటం దానికి సరదా కాదు. చర్మానికి ఎండ పడదు, తేమ ఆరితే పగుళ్లు వస్తాయి. అందుకే ఒళ్లంతా ఎర్రటి ద్రవం ఊరుతుంది, పూర్వం దాన్ని రక్తపు చెమట అనుకున్నారు. అది రక్తం కాదు, చెమటా కాదు. ఎండ నుంచి, సూక్ష్మజీవుల నుంచి కాపాడే రెండు రంగు పదార్థాలని జపాన్ శాస్త్రవేత్తలు 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అందులో ఎర్రదాని పేరు ‘హిప్పోసుడోరిక్ ఆమ్లం’. విడదీసి చదివితే గుర్రపు చెమట. పొరపాటు రసాయన శాస్త్రంలోకీ పాకింది.

చీకటి పడ్డాక గట్టెక్కి తెల్లవారేదాకా గడ్డి మేస్తుంది. పగలు నీళ్లలో పేడ వేస్తుంది. కెన్యా, టాంజానియాల మీదుగా పారే మారా నదిలో నాలుగు వేలకు పైగా నీటిగుర్రాలు రోజుకు సుమారు 36 టన్నుల పచ్చి పేడ కలుపుతాయని పరిశోధకులు లెక్కగట్టారు. నేల మీది గడ్డి అలా నదిలోని పురుగులకూ చేపలకూ ఆహారమవుతుంది. నదిలో నీళ్లు బాగా పారినంతకాలం అది ఎరువు. పారుదల తగ్గితే మడుగుల్లో అదే పేరుకుని ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. నది ఆరోగ్యంగా ఉంటేనే ఆ జంతువు నదికి మేలు చేస్తుంది.

ఆ నదులే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. టాంజానియాలో గ్రేట్ రువాహా నది 1990ల నుంచి ఏటా కొన్ని నెలలు ఎండిపోతోంది. ఎగువన వరి మడులకు నీళ్లు మళ్లించడం దానికి పెద్ద కారణం. వరి పండించే మనకు ఆ రైతు అవసరం బాగా అర్థమవుతుంది. మిగిలిన బురద గుంటలో నీటిగుర్రాలు ఒకదాని మీద ఒకటి పడి కొట్లాడుకునే దృశ్యమూ అర్థం కావాలి. వేట సంగతి వేరే. కాంగోలోని విరుంగా పార్కులో 1970లలో 29 వేల దాకా ఉన్నవి, యుద్ధాలు, మాంసం, కోరల దంతం కోసం వేట కలిసి 2005 నాటికి వెయ్యి దరిదాపులకు పడిపోయాయి. ఆఫ్రికా మొత్తం మీద ఇప్పుడు లక్షా పదిహేను వేల నుంచి లక్షా ముప్పై వేల దాకా ఉండవచ్చని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంచనా. దాన్ని ముప్పును ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో ఉంచింది.

నది నిండుగా ఉంటే ఏమవుతుందో కొలంబియా చూపించింది. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ 1980లలో సొంత జూకి తెప్పించిన నాలుగు నీటిగుర్రాల సంతతి, అతని చావు తరవాత మాగ్దలేనా నది పరీవాహకంలోకి వ్యాపించి వంద దాటిపోయింది. కరవు లేదు, సింహాలు లేవు, నీళ్లు ఎండవు. అక్కడి ప్రభుత్వం 2022లో వాటిని హాని చేసే పరాయి జాతిగా ప్రకటించాల్సి వచ్చింది.

ఈ సెలవుల్లో హైదరాబాద్ నెహ్రూ జూకో, విశాఖ ఇందిరాగాంధీ జూకో పిల్లల్ని తీసుకెళ్తే ఆ మడుగు దగ్గర కాసేపు ఎక్కువ ఆగండి. చెవులు, కళ్లు, ముక్కు ఒకే వరుసలో నీటి పైకి రావడం చూపించండి. పిల్లలు ‘హిప్పో’ అంటే అననివ్వండి, ఆ మాటకేం తప్పులేదు. మీరు మాత్రం ‘నీటిగుర్రం’ అని పూర్తిగా పలకండి. ఇంగ్లిషు పొట్టి పేరు పోగొట్టుకున్న నీటిని మన మాట ఇంకా దాచుకుని ఉంది. దాన్ని మన పిల్లలకు అందించండి.